ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి

ప్రశ్న: మాది కడియం దగ్గర పల్లె. మా ఆయనకు 39 ఏళ్లు. ఫైనాన్స్ మీద తీసుకున్న వ్యానులో నర్సరీల నుంచి మొక్కలు తోలతారు. పెళ్లయిన కొత్తలో అప్పుడప్పుడూ తాగేవారు, నాలుగేళ్ల నుంచి రోజూ రాత్రి ఒక క్వార్టర్. ఈ ఏడాది మాత్రం పొద్దున్నే చేతులు వణుకుతున్నాయని ఒక నైంటీ వేసుకుంటే గానీ బండి తీయడం లేదు. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటారు. ఆ 41 రోజులూ చుక్క ముట్టరు. మాల తీసిన మర్నాడే మళ్లీ మొదలు. పాప తల మీద చెయ్యి పెట్టి రెండుసార్లు ఒట్టేశారు, తప్పారు. ఏడ్చాను, తిట్టాను, నెల రోజులు మాట్లాడడం మానేశాను, పుట్టింటికి వెళ్లి కూర్చున్నాను. మా అన్నయ్య తాగుడు మాన్పించే ఒక సెంటర్ సంగతి చెబుతున్నాడు. ఫోన్ చేస్తే వాళ్లే బండేసుకుని వచ్చి పట్టుకుపోతారట. పక్కింటావిడ కూరలో కలపమని ఒక పొడి ఇచ్చింది. ఈ మధ్య ఒకరోజు ఆయనే ‘నాకూ మానాలనే ఉందే, కానీ నా వల్ల కావట్లేదు’ అన్నారు. ‘ఎన్నిసార్లు వినలేదు ఈ కబుర్లు’ అనేశాను. పొడి కలపనా? సెంటర్‌కు పంపనా? తొమ్మిదో తరగతి చదివే మా పాప ‘నాన్న నా వల్లే తాగుతున్నారా’ అని అడిగింది. దానికేం చెప్పను?
– ఒక సోదరి, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఆ పొడి సంగతి. కలపకండి. మిగతా ప్రశ్నల గురించి నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ దీనికి ఆలోచన కూడా అక్కర్లేదు. ఇలా చేతులు మారి వచ్చే పొడిలో ఏముందో ఇచ్చినవాళ్లకే తెలియదు. డైసల్ఫిరామ్ అనే మాత్రలు నూరి ఇలా పంచే అలవాటు మన దగ్గర ఉంది. మద్యం మాన్పించడానికి 1940ల చివర్లో డెన్మార్క్‌లో వాడుకలోకి వచ్చిన మందు అది. మనం తాగిన మద్యం ఒంట్లో మొదట అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి, తర్వాత అది కూడా విరిగిపోతుంది. ఈ రెండో పని జరగకుండా డైసల్ఫిరామ్ అడ్డుకుంటుంది. అందుకని ఆ మందు మీద తాగితే మొహం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టు ఉండి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. గుండె జబ్బో లివర్ జబ్బో ఉన్న మనిషైతే ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. కూరలో ఏముందో మీ ఆయనకు తెలియదు కాబట్టి ఆయన మామూలుగానే తాగుతారు, తాగి బండి ఎక్కుతారు.

అదే మందును డాక్టరు పరీక్షలు చేయించి, దాని సంగతంతా ఆయనకు చెప్పి, ఆయన సరేనన్నాక ఇస్తే, రోజూ పొద్దున మీ ఎదురుగా తన చేత్తో తానే వేసుకుంటే, బాగా పనికొచ్చే మందే. దొంగచాటుగా పెట్టిందని తెలిసిన రోజున ఆయన మీ చేతి అన్నం మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటారు. రేపు నిజంగా వైద్యం మొదలైనప్పుడు ఆ నమ్మకం మీకు చాలా అవసరం.

రెండోది కూడా ఆగే విషయం కాదు. పొద్దున్నే చేతులు వణకడం, కొంచెం పడితే తగ్గడం అంటే ఒళ్లు మద్యానికి పూర్తిగా అలవాటు పడిందని అర్థం. ఒక్క క్వార్టర్‌లో, అంటే 180 మిల్లీలీటర్లలో, దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. పొద్దుటి నైంటీతో కలిపి రోజుకు 90 గ్రాములు. ఈ స్థితిలో ఉన్నట్టుండి ఆపేస్తే 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియకుండా కలవరిస్తారు, జ్వరం వస్తుంది. ఊళ్లో దాన్ని గాలి సోకిందనుకుని తాయెత్తుల కోసం తిరిగి ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకొస్తారు. అది ప్రాణం తీసే స్థితి. గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మూడు రోజుల్లో దారికొస్తాడనే సలహా ఎవరిచ్చినా వినకండి.

ఏటా మాల వేసుకుని ఆపుతున్నారు కదా, ఏమీ కాలేదు కదా అంటారేమో. రాత్రిపూట మాత్రమే తాగిన ఏళ్ల సంగతి వేరు, పొద్దున్నే తాగే ఈ ఏటి సంగతి వేరు. పైగా తాగడం, ఒక్కసారిగా ఆపడం, మళ్లీ తాగడం ఇలా చాలాసార్లు జరిగితే ఆపిన ప్రతిసారీ బాధ ఇంకాస్త గట్టిగా రావచ్చు. అందుకని ఈసారి మాల వేసుకునే ముందే డాక్టరుకు చూపించాలి. వణుకూ ఫిట్సూ రాకుండా కొన్ని రోజుల పాటు మాత్రలు మోతాదు తగ్గిస్తూ ఇస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. బి1 చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇలాంటి మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నీరసంగా ఉంటే చాలు, ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి ఒక సెలైన్ పెట్టించుకునే మన ఊళ్లలో ఇది అందరికీ తెలియాల్సిన సంగతి. దీక్షలో మందులు వేసుకోవచ్చా అని ఎవరైనా అంటే, బీపీ మాత్రలూ షుగర్ మాత్రలూ వేసుకుంటూ కొండెక్కే స్వాములు ఎంతమంది లేరు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఒకటే. ‘నాకూ మానాలనే ఉందే, కానీ నా వల్ల కావట్లేదు.’ నాలుగేళ్లుగా మీరు ఏడ్చింది, తిట్టింది, పుట్టింటికి వెళ్లింది ఈ మాట ఆయన నోటి నుంచి వినడానికే. అది వచ్చిన రోజున మీకు అలసట అడ్డం వచ్చింది. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, రెండు ఒట్లు తప్పడం చూసిన మనిషి ఇంకేమంటారు? కానీ తాగుడు మాన్పించే కౌన్సెలింగ్ అంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కాస్త విడమరచి చెప్పాలి.

తాగే మనిషికి మానాలనీ ఉంటుంది, తాగాలనీ ఉంటుంది. రెండూ నిజమే, రెండూ ఒకేసారి ఉంటాయి. మనం వెళ్లి మానాలన్న పక్షం తీసుకుని వాదించడం మొదలుపెడితే ఆయనకు మిగిలేది రెండో పక్షమే. ‘లివర్ పాడైపోతుంది’ అని మీరంటారు. ‘మా తాత 80 ఏళ్లు వచ్చేదాకా తాగాడు, ఏమైంది?’ అని ఆయనంటారు. ‘పాప పెళ్లికి ఏం మిగులుస్తారు?’ ‘రాత్రింబవళ్లు బండి తోలేది ఎవరికోసం?’ ఇలా ప్రతి గొడవలోనూ తాగడానికి కారణాలు ఆయన తన నోటితో తానే చెప్పుకుంటున్నారు, తన చెవులతో తానే వింటున్నారు. మనిషి ఇతరులు చెప్పినదానికంటే తాను చెప్పినదాన్నే ఎక్కువ నమ్ముతాడు. అంటే మనం ఎంత గట్టిగా నచ్చజెబితే ఆయన అంత గట్టిగా తాగుడు వైపే తనకు తాను నచ్చజెప్పుకుంటున్నారు.

ఈ సంగతిని పట్టుకుని ఒక పద్ధతిగా మలిచినవాడు విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు. అప్పట్లో అమెరికాలో తాగుబోతును నలుగురిలో నిలదీసి, ‘నేను తాగుబోతునే’ అని ఒప్పించడమే వైద్యం అనుకునేవారు. మన రచ్చబండ పంచాయితీకీ దానికీ పెద్ద తేడా లేదు. మిల్లర్ 1982లో నార్వేలోని బెర్గెన్‌లో కొన్నాళ్లు ఉండి, అక్కడి యువ సైకాలజిస్టులతో తన పని గురించి చర్చించేవాడు. వాళ్లు ఆయన మాట్లాడుతుండగా ఆపి, ఈ ప్రశ్న ఎందుకు అడిగారు, ఇంకోటి ఎందుకు అడగలేదు అని అడిగేవారట. అలా అడగ్గా అడగ్గా తాను చేస్తున్నదేమిటో ఆయనకే స్పష్టమైంది. తాను వాదించడం లేదు, మారడానికి కారణాలు ఎదుటి మనిషి చేతే చెప్పిస్తున్నాడు. 1983లో దాని మీద వ్యాసం రాశాడు. 1991లో స్టీఫెన్ రోల్నిక్ అనే మరో సైకాలజిస్టుతో కలిసి పుస్తకం తెచ్చాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని దాని పేరు. ఇవాళ మన డీ-అడిక్షన్ సెంటర్లలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఎవరైనా వాడేది చాలావరకు ఇదే.

మీరు కౌన్సెలర్ కానక్కర్లేదు, అవడానికి ప్రయత్నించనూ వద్దు. భార్యకు అంత దూరం నిలబడి మాట్లాడడం సాధ్యం కాదు. కానీ రెండు మూడు అలవాట్లు మార్చుకోవచ్చు. ఆ రోజు సంభాషణే తీసుకుందాం. ఆయన ‘నాకూ మానాలనే ఉందే, నా వల్ల కావట్లేదు’ అన్నారు. మీరు ‘మానాలని ఉంది, కానీ కష్టంగా ఉంది, కదండీ’ అని ఊరుకుని ఉంటే? ఆయన మాటే ఆయనకు తిరిగి ఇచ్చారు. సలహా లేదు, దెప్పిపొడుపు లేదు. బహుశా ఆయన కాసేపాగి, ‘పొద్దున్నే చేతులు వణుకుతుంటే స్టీరింగ్ పట్టుకోవాలంటే భయమేస్తోంది’ అని ఉండేవారు. అప్పుడు ‘ఎందుకు మానాలనిపిస్తోంది మీకు?’ అని అడగొచ్చు. ఎందుకు తాగుతున్నారు అని అడిగితే తాగడానికి కారణాలు వస్తాయి. ఎందుకు మానాలనిపిస్తోంది అని అడిగితే మానడానికి కారణాలు వస్తాయి. అడిగేది మనమే కాబట్టి ఏది కావాలో ఎంచుకుని అడగాలి.

కౌన్సెలర్లు వాడే ఇంకో ప్రశ్న నాకు చాలా ఇష్టం. ‘సున్నా నుంచి పది దాకా వేసుకుంటే, మానాలన్న కోరిక మీకు ఎంతుంది?’ ఆయన ‘ఏదో, మూడు’ అంటారనుకోండి. మనకు వెంటనే ‘మూడేనా!’ అనాలనిపిస్తుంది. అలా అంటే మూడు ఎందుకు సరిపోతుందో ఆయన వాదిస్తారు. దానికి బదులు ‘సున్నా అనలేదే, ఎందుకని?’ అని అడగండి. సున్నా ఎందుకు కాదో చెప్పాలంటే మానాలన్న కారణాలు బయటికి తీయక తప్పదు. ఒకే అంకె మీద రెండు ప్రశ్నలు, రెండు వేర్వేరు సంభాషణలు.

ఇవన్నీ తాగి ఉన్నప్పుడు చేయొద్దు. తాగిన రాత్రి జరిగే మాటలు మర్నాటికి ఆయనకు సగం గుర్తుండవు, మీకు మాత్రం అన్నీ గుర్తుంటాయి. పొద్దున్నే వణుకుతో ఉన్నప్పుడూ వద్దు. తేటగా ఉన్న సమయం చూసుకుని, పాప వినని చోట, పది నిమిషాలకు మించకుండా. మంచి మాట ఒకటి వచ్చిందంటే అక్కడితో ఆపేయండి. దాని మీద ‘మరి రేపే ఆసుపత్రికి వెళ్దామా, ఒట్టేయండి’ అని ఎక్కితే ఆ మాట చచ్చిపోతుంది.

మాల సంగతి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు, ‘41 రోజులు మానగలరు, ఆ తర్వాత మాత్రం మానరు’ అన్నట్టు. నేను దాన్ని మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తిగా చూస్తున్నాను. ఆ 41 రోజుల్లో ఆయన జీవితం ఎలా మారుతుందో ఒకసారి చూడండి. తెల్లవారకముందే లేచి చన్నీళ్ల స్నానం. సాయంత్రం మామూలుగా వైన్ షాపు దగ్గర నిలబడే వేళకు గుడి దగ్గర భజన. చుట్టూ మాల వేసుకున్నవాళ్లే. మధ్యాహ్నం భిక్ష, ఎవరింట్లోనో పడిపూజ. ఏదైనా తేడా వస్తే అడగడానికి గురుస్వామి ఉన్నాడు. తాగమని పిలిచే స్నేహితులు కూడా మెడలో మాల చూసి దూరం జరుగుతారు. అన్నింటికంటే ముఖ్యం, మీతో సహా ఊరంతా ఆయన్ని ‘స్వామీ’ అని పిలుస్తుంది. నిన్నటి దాకా తాగుబోతు అన్న నోళ్లే అవి. రోజువారీ పని, తోడు, గౌరవం, అడిగే పెద్దమనిషి అన్నీ ఒక్కసారిగా ఆయన చుట్టూ చేరతాయి.

42వ రోజు ఇవన్నీ ఒకేసారి పోతాయి. భజన లేదు, స్వామీ అనే పిలుపు లేదు, సాయంత్రం ఏడింటికి ఏం చేయాలో తెలియదు. స్నేహితులు మాత్రం ‘ఇన్నాళ్లకు దొరికావు’ అంటూ వచ్చి నిలబడతారు. తప్పు ఆయన భక్తిలో లేదు. దీక్షకు గడువు ఉంది, గడువు తర్వాత ఏమిటన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు. ఈసారి ఆ రోజు గురించి మాల వేసుకోకముందే మాట్లాడండి. ‘మాలలో ఉన్నప్పుడు సాయంత్రాలు ఎలా గడిచేవండీ? ఏది బాగుండేది? పోయినేడు మాల తీశాక మొదటి పెగ్గు ఎక్కడ పడింది, ఎవరితో?’ అని అడగండి. నిలదీసే గొంతుతో కాదు, నిజంగా తెలుసుకోవాలన్న కుతూహలంతో. ఆయన చెప్పిన జవాబుల్లోంచే తర్వాతి ఏర్పాటు వస్తుంది. గురుస్వామికి నమ్మకంగా చెప్పి, మాల తీశాక కూడా వారానికి రెండు సాయంత్రాలు గుడి పనికి పిలిపించుకోమనొచ్చు. శబరిమల నుంచి తిరిగొచ్చిన వారంలోనే డాక్టరు అపాయింట్‌మెంట్ పెట్టుకోవచ్చు. మానాలని నిజంగా ఉన్నవాళ్లకు డాక్టర్లు నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు ఇస్తారు. ఇవి తాగాలన్న యావను తగ్గిస్తాయి. లివర్ దెబ్బతిని ఉంటే ఏది సరిపోతుందో పరీక్షలు చూసి వాళ్లే నిర్ణయిస్తారు.

తాగని జీవితం తాగే జీవితం కంటే బాగుండేలా చుట్టూ ఏర్పాటు చేయాలన్న ఆలోచన శాస్త్రంలో కూడా పాతదే. 1973లో హంట్, అజ్రిన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఆసుపత్రిలో చేరిన తాగుబోతులకు ఉద్యోగం వెతికిపెట్టారు, ఇంట్లో సంబంధాలు చక్కదిద్దారు, మద్యం లేని ఒక క్లబ్బు కూడా పెట్టారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే వీళ్లు బాగా నిలబడ్డారు. దాన్నుంచే రాబర్ట్ మేయర్స్ అనే ఆయన ఇంట్లోవాళ్లకు నేర్పే పద్ధతిని తయారుచేశాడు. వైద్యానికి రానని మొండికేసిన మనిషి ఇంట్లో భార్యకో తల్లికో శిక్షణ ఇవ్వడం అన్నమాట. న్యూ మెక్సికోలో 130 కుటుంబాల మీద చేసిన పరిశీలన 1999లో వచ్చింది. ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్ల ఇళ్లలో 64 శాతం మంది తాగేవాళ్లు వైద్యానికి వచ్చారు. బంధువులంతా చుట్టుముట్టి ఒకేసారి నిలదీసే పద్ధతిలో 30 శాతం. మీరు ఒక్కరే ఎలా మాట్లాడుతున్నారు, ఎప్పుడు మాట్లాడుతున్నారు అన్నదానికి ఇంత బలం ఉందని చెప్పడానికే ఈ అంకెలు.

ఇంట్లో అది ఎలా ఉంటుందంటే, తాగకుండా వచ్చిన సాయంత్రం ఆయనకు బాగుండాలి. ఇష్టమైన పులుసు పెట్టడం, పక్కన కూర్చుని నర్సరీ కబుర్లు వినడం, ‘ఇవాళ ఇలా వచ్చారు, నాకు హాయిగా ఉంది’ అని ఒక్క మాట అనడం. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. తాగొచ్చిన రోజు ఇల్లంతా ఆయన చుట్టూ తిరుగుతుంది, తాగని రోజు పాత లెక్కలన్నీ తీస్తాం. తాగొచ్చిన రోజు అన్నం మూత పెట్టి, గొడవ లేకుండా, ముచ్చటా లేకుండా మీరూ పాపా మీ పని చూసుకుని పడుకోండి. అది అలక కాదు. మర్నాడు తేటగా ఉంటే మళ్లీ మామూలే. మీరు నెల రోజులు మాట్లాడకపోవడం ఎందుకు పనిచేయలేదంటే, అందులో ఆయన తాగని రోజులకు కూడా శిక్షే పడింది.

అలాగే తాగుడు వల్ల వచ్చే చిన్న చిన్న నష్టాలను మీరు మోయకండి. నర్సరీ యజమాని ఫోన్ చేస్తే ‘ఆయనకు జ్వరమండీ’ అని చెప్పేది మీరేనా? అయితే ఆపేయండి, ఫోన్ ఆయనకే ఇవ్వండి. ఫైనాన్స్ వాయిదాకు మీ గాజులు తాకట్టు పెట్టడం కూడా ఆపండి. కానీ ప్రమాదం ఉన్నచోట ఈ సూత్రం వర్తించదు. నైంటీ వేసుకుని స్టీరింగ్ పట్టుకోవడం ఆయన ఒక్కడి నష్టం కాదు. పాపను ఆ బండిలో స్కూలుకు పంపకండి, మీరూ ఎక్కకండి. ఎందుకు ఎక్కడం లేదో ఆయనకు నిదానంగా చెప్పండి.

ఉత్తరంలో మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. చెయ్యి చేసుకుంటున్నారా? అదే ఉంటే ఇప్పటిదాకా చెప్పిన మెత్తని మాటలన్నీ పక్కన పెట్టండి. ముందు మీరూ పాపా క్షేమంగా ఉండాలి. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. తాగుడు జబ్బే గానీ, అది కొట్టడానికి అనుమతి కాదు.

ఇక మీ అన్నయ్య చెప్పిన సెంటర్. ఇంటికొచ్చి మనిషిని ఎత్తుకుపోయే సెంటర్ అంటేనే నాకు అనుమానం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి. మనిషి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే సైకియాట్రిస్టుతో సహా ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. అదీ తనకో ఇతరులకో హాని జరిగేంత తీవ్రమైన స్థితి ఉంటేనే, మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. ఏ సెంటర్‌కైనా వెళ్లేముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో వస్తారు, మొదటి వారం రాత్రిపూట ఫిట్స్ వస్తే చూసేదెవరు, ఇంట్లోవాళ్లను కలవనిస్తారా, ఫోన్ మాట్లాడనిస్తారా అని అడగండి. మూడు నెలలు ఎవరూ రాకూడదు, డబ్బు మొత్తం ముందే కట్టాలి అన్నారంటే లేచి వచ్చేయండి. బలవంతంగా పంపినవాడు బయటికి రాగానే కసితో తాగిన సందర్భాలు ఈ పనిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

పైగా మీ ఆయనకు బలవంతం అవసరం లేదు కదా, తానే అన్నారు కదా మానాలని ఉందని. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పిచ్చాసుపత్రి అని జంకొద్దు. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే మీకు దగ్గర్లో ఎక్కడెక్కడ వైద్యం ఉందో చెబుతారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు. రెండూ ఉచితం. ఓపీ రోజులు, వేళలు ముందే కనుక్కుని పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడో ఒకరోజు ‘నా వల్ల కావట్లేదు’ అన్న మాట వస్తుంది. ఆ రోజు మీరు చెప్పాల్సింది ఒక్కటే: ‘ఒక్కరి వల్ల అయ్యేది కాదులెండి. బుధవారం డాక్టరు ఉంటారట, నేనూ వస్తాను.’ 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 మంది ఇళ్లలో జరిగేది మీ ఇంట్లో జరుగుతున్నదే. ఒట్లు, గొడవలు, పొడులు.

వైద్యం మొదలయ్యాక ఎప్పుడో ఒకసారి మళ్లీ తాగుతారు. తాగకపోతే సంతోషమే, కానీ తాగుతారనుకునే సిద్ధంగా ఉండండి. షుగర్ ఉన్న మనిషి పెళ్లి భోజనంలో జిలేబీ తింటే వైద్యం వ్యర్థమైందనం, డాక్టరు దగ్గరికెళ్లి మందు సరిచేసుకుంటాం. ఇదీ అంతే. ఆ వారంలోనే తిరిగి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం ముఖ్యం, ఎక్కడ జారిందో కలిసి చూసుకోవడం ముఖ్యం. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు కూడా ఒకసారి వెళ్లి చూడమనండి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన ఆ సంఘం ఇవాళ తెలుగులో కూడా సమావేశాలు పెడుతోంది. ఫీజు ఉండదు, ఇంటిపేరు అడగరు. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ వేరే ఉంది. అది ఆయన్ని మార్చడానికి పెట్టింది కాదు, మీరు కూర్చుని మీ బాధ చెప్పుకోవడానికి. మీ నిద్ర, మీ తిండి, మీ బీపీ ఎలా ఉన్నాయో ఈ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఓపీకి వెళ్లిన రోజు మీరు కూడా చీటీ తీయించుకోండి.

చివరగా పాప. ‘నా వల్లే తాగుతున్నారా’ అన్న ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. రెండుసార్లు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు, రెండుసార్లూ తప్పారు. తన తల మీద వేసిన ఒట్టు తప్పినప్పుడు పిల్ల ఏమనుకుంటుంది? తాను చాలినంత మంచిది కాదనుకుంటుంది, లేదా తనకేదో అవుతుందని భయపడుతుంది. ఇక ముందు ఆ ఒట్లు వద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, ‘నాన్నకు మద్యం జబ్బు ఉంది. నీ వల్ల రాలేదు, నీ మార్కుల వల్ల రాలేదు, నువ్వు తగ్గించలేవు. డాక్టర్లు తగ్గిస్తారు, మేం వెళ్తున్నాం’ అని ఇంతే చెప్పండి. నాన్నను తిట్టకండి, నాన్న తరఫున అబద్ధాలూ చెప్పకండి. సీసాలు వెతకడం, నాన్న ఎక్కడున్నారో చూసి రావడం లాంటి పనులు దానికి అప్పజెప్పకండి. చదువులో వెనకబడుతున్నా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా 14416లో పిల్లల గురించి కూడా మాట్లాడతారు. స్కూల్లో దానికి నచ్చిన టీచర్ ఎవరైనా ఉంటే ఆవిడకు విషయం ఒక్క ముక్కలో చెప్పి ఉంచండి.